ఏమండీ, వింటున్నారా

లిఫ్టు చెడిపోయి పంతొమ్మిది రోజులైంది. మాది ఐదో అంతస్తు. నేను మెట్లెక్కుతుంటే నా మోకాళ్లు చేసే చప్పుడుకి మూడో అంతస్తులో కుక్క మొరుగుతోంది. విశేషమేమిటంటే, ఈ పంతొమ్మిది రోజుల్లో లిఫ్టు కంపెనీకి ఎవరూ ఫోను చేయలేదు. ఇరవై నాలుగు కాపురాలున్న భవనం ఇది. ప్రతివాళ్లూ ఇంకెవరో చేసే ఉంటారనుకున్నారు. మెట్ల మీద ఎదురుపడినప్పుడు "మరీ ఘోరమండీ ఈ లిఫ్టు" అని ఒకరికొకరం చెప్పుకుని, కాస్త దమ్ము తీసుకుని, ఎవరి దారిన వాళ్లం పోతున్నాం. ఎదురింటాయన్ని అడిగితే, "చేసేవాణ్ణేనండీ, కానీ ఒకసారి చేశామనుకోండి, ఇక జన్మంతా మనల్నే చేయమంటారు" అన్నాడు. న్యాయంగానే తోచింది. నేనూ అందుకే చేయలేదు.

నా ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో. ఫిర్యాదుల కిటికీ వెనకాల కుర్చీ నాది. ఎవరో వచ్చి పైపు పగిలిందంటారు. కాగితం మీద రాసుకుని, ఒక నంబరు ఇచ్చి, "వస్తారు" అంటాను. ఎవరొస్తారు, ఎప్పుడొస్తారు అన్నది నా కిటికీ పరిధిలోకి రాదు. ఇరవై రెండేళ్లలో నేను బాగుచేసిన పైపు ఒక్కటీ లేదు, పాడుచేసిందీ లేదు. ఆఫీసులో నాకు మంచి పేరుంది. కెలికితే కంపు అన్న మాటను మా ఇంట్లో గోడకి తగిలించలేదు గానీ, పాటించడంలో లోటు చేయలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటివాడు ఒక లోకానికి దేవుడైతే ఎలా ఉంటుందో మీకు ముందుగా అర్థం కావాలి.

మా హాల్లో అద్దాల షోకేసు ఉంది. దాని కింది అరలో డిన్నర్ సెట్టు. నీలం అంచు, బంగారు గీత. పెళ్లికి మా ఆవిడ మేనమామ ఇచ్చాడు. పెట్టిన రోజు నుంచి దాన్ని వాడలేదు. ఇంటికొచ్చిన వాళ్లెవరూ దాని స్థాయికి తగరని మా ఆవిడ అభిప్రాయం. ఇచ్చిన మేనమామే ఒకసారి భోజనానికొస్తే ఆయనకి స్టీలు కంచంలో పెట్టింది. అలా పదకొండేళ్లు గడిచాయి. ఏ వస్తువునైనా పదకొండేళ్లు ముట్టుకోకుండా వదిలేస్తే దాని మీద ఏదో ఒకటి పుడుతుంది. మామూలు ఇళ్లలో దుమ్ము పుడుతుంది. మా ఇంట్లో దేశం పుట్టింది.

ముందు చూసింది మా అత్తగారు. ఆవిడ భూతద్దం పెట్టి పేపరు చదువుతుంది. చదువుతూ చదువుతూ ఒకరోజు అద్దం షోకేసు వైపు తిప్పి, కాసేపు చూసి, "బాబూ, మీ సాసరు మీద ఎవరో పొలం దున్నుతున్నారు" అంది.

నిజమే. పెద్ద ప్లేటు నిండా పైర్లున్నాయి. మూతగిన్నెలో చెరువుంది, దానిలో పడవలున్నాయి. ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లేట్ల దొంతర వాళ్లకి కొండ. మనుషులు గసగసాల గింజంత ఉన్నారు. వాళ్లకో మాంత్రికుడున్నాడు. గడ్డం ఉంది కాబట్టి మాంత్రికుడని గుర్తుపట్టాం. కొండ మీద రెక్కల పాములున్నాయి, ఒక్కొక్కటి జుట్టుకి పెట్టుకునే పిన్నంత. అవి నోట్లోంచి నిప్పు కక్కుతాయి. అగ్గిపుల్ల గీసినట్టు చిన్న వెలుగు కనిపిస్తుంది, అంతే. మా ఆవిడ ఇదంతా చూసి, "ఇప్పుడు సెట్టు కడిగేదెలా" అంది.

వాళ్లు మాట్లాడేది మన భాషే. పదకొండేళ్లుగా మా హాల్లో మాటలు విని నేర్చుకున్నారు. కాబట్టి వాళ్ల నీతిశాస్త్రం మొత్తం మా ఇంటిదే. "ఫ్యాను ఊరికే తిరుగుతోంది, ఎవరికోసం" అన్నది వాళ్ల పవిత్ర వాక్యాల్లో మొదటిది. దాని అర్థం మీద రెండు శాఖలు ఏర్పడి కొట్టుకున్నాయని తర్వాత తెలిసింది. మా ఆవిడ నన్ను "ఏమండీ" అని పిలవడం విని అదే నా పేరనుకున్నారు. నేను ఆమెని "ఇదిగో" అంటాను కాబట్టి ఆవిడ ఇదిగో దేవి. నా గుడిలో రోజూ ఒకటే ప్రార్థన: "ఏమండీ, వింటున్నారా." నేను మామూలుగా ఇంట్లో పలకనట్టే అక్కడా పలకను. దానివల్ల వాళ్ల భక్తి ఇంకా పెరిగింది.

మొదట్లో పలికాను. అది చెప్పాలి.

పోయినేడాది ఒక బండి చెరువుగట్టు బురదలో దిగబడిపోయింది. ఒకతను లాగుతున్నాడు, పక్కన పసిపిల్ల నిలబడి ఉంది. నాకు జాలేసింది. జీవితంలో ఎవరి పనీ చేసిపెట్టనివాణ్ణి, ఇంత చిన్న పని చేయలేనా అనుకుని చిటికెనవేలు పెట్టాను. బండి పైకొచ్చింది. వేలు తీసి చూస్తే ఆ మనిషి లేడు. నా వేలి కొసన చిన్న ఎర్రటి చుక్క ఉంది. ఆ పిల్ల తలెత్తి చూసింది. నేను బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు చేతులు కడుక్కున్నాను.

తర్వాత మా ఆవిడ వంతు. ఒకసారి వాళ్లకి పంట పోయింది. "పాపం పస్తులుంటున్నారు" అని నాలుగు చక్కెర పలుకులు వేసింది. చక్కెర ఉంటే చీమలొస్తాయని మూడేళ్ల పిల్లాడికైనా తెలుసు. కానీ మేం వాళ్ల ఆకలి చూశాం గానీ చీమల్ని తలచుకోలేదు. చీమ వాళ్లకి ఏనుగంత. ఒక్క మధ్యాహ్నంలో నలభై మంది పోయారు. మా ఆవిడ ఏడ్చుకుంటూ చీమల సుద్ద తెచ్చి ఊరి చుట్టూ గీత గీసింది. చీమలు చచ్చాయి. ఆ సుద్ద విషం. దాటబోయిన మనిషి కూడా చస్తాడని మాకు రెండురోజుల తర్వాతగానీ తెలియలేదు. అప్పటికి తొమ్మిదిమంది దాటబోయారు. తుడిచేద్దామంటే పొడి లేస్తుంది, ఊరంతా పోతుంది. అలా ఆ సాసరు మీది ఊరు మా దయవల్ల నాలుగు వైపులా మూసుకుపోయింది.

అత్తగారు మాత్రం ఊరుకుందా. ఆవిడకి ప్రతి జబ్బుకీ చిట్కా ఉంది. వాళ్లలో ఎవరో తుమ్మితే తలనొప్పి మందు ఒక చుక్క పెట్టింది. మూడురోజులు ఆ చుట్టుపక్కల ఎవరూ కళ్లు తెరవలేదు. ఇప్పుడు ఆ మూడురోజులూ వాళ్ల లెక్కన ఏటా అందరూ కూర్చుని ఏడుస్తారు. పిల్లలకి కొత్త రుమాళ్లు కుట్టిస్తారు. "చూశారా, నన్ను గుర్తుపెట్టుకున్నారు" అంటుంది ఆవిడ.

ఆ తర్వాత ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఎవరూ షోకేసులో చెయ్యి పెట్టకూడదు, వాళ్లతో మాట్లాడకూడదు. ఏం జరిగినా సరే. నాకు ఆ రోజు చాలా హాయిగా అనిపించింది. దేవుళ్లు ఎందుకు పైనుంచి చూస్తూ ఊరుకుంటారో చిన్నప్పటి నుంచి నాకు అర్థమయ్యేది కాదు. ఏదో పెద్ద ఆలోచన ఉండి ఉంటుందనుకునేవాణ్ణి. ఇప్పుడు అర్థమైంది. వాళ్లూ ఒకసారి వేలు పెట్టి ఉంటారు.

ఇక్కడితో అయిపోతే నేను ఈ కథ రాయను.

రెక్కల పాములు ఇన్నాళ్లూ కొండ వెనక తిరిగే చీమల్ని తిని బతికేవట. ఈ సంగతి మాంత్రికుడు చెప్పాడు, చీమలన్నీ పోయాక. ఆకలికి పాములన్నీ చచ్చి ఒక్కటి మిగిలింది. అది నేరుగా సాసరు మీది ఊరికొచ్చింది. ఊరి మధ్యలో గంటస్తంభం ఉంది. దానికి చుట్టుకుని పడుకుంది. రోజూ మధ్యాహ్నం దిగి ఒక ఇల్లు కాల్చి, లోపలివాళ్లని తిని, మళ్లీ వెళ్లి పడుకుంటుంది. అంచు నుంచి మొదలుపెట్టి వరసగా వస్తోంది, మా ఆఫీసు మీటరు రీడరులాగా ఒక్క ఇల్లూ వదలకుండా. ఎగరలేని జనం ఎటు పోతారు, చుట్టూ సుద్ద గీత.

మొత్తం ముప్ఫైఒక్క ఇళ్లు. స్తంభం మొదట్లో ఉన్నది చివరి ఇల్లు. అది మంత్రసానిది.

ఆమె నాకు తెలుసు. బండి పక్కన నిలబడిన పిల్లే. మన లెక్కన ఏడాది తిరిగేసరికి వాళ్ల పసిపిల్ల పెద్దదైపోతుంది. ఇప్పుడామె ఊళ్లో అందరికీ పురుళ్లు పోస్తుంది. ఇంట్లో ఉన్నది తనూ, చెల్లెలూ. చెల్లెలికి నెలలు నిండాయి. మంచం మీంచి కదలకూడదు.

వాళ్ల మాట మాకు వినిపించడానికి మాంత్రికుడు ఎప్పుడో బూర ఒకటి చేశాడు. అందులో మాట్లాడితే దోమ పాడినంత వినిపిస్తుంది. ఇరవయ్యో ఇల్లు పోయిన రోజు ఆమె బూర పట్టుకుని పిలిచింది.

"ఏమండీ, వింటున్నారా."

నేను నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, ఊపిరి తగలకుండా, నెమ్మదిగా "వింటున్నాను" అన్నాను. మాట్లాడకూడదన్న నియమం అప్పుడే పోయింది.

"ఆ పామును తీసెయ్యండి."

"పరిశీలిస్తాను" అన్నాను. అలవాటు.

"అంటే ఎప్పటికి?"

నా కిటికీ దగ్గర ఇంతవరకూ ఎవరూ ఈ ప్రశ్న ఇంత నెమ్మదిగా అడగలేదు. "చూడమ్మా, మేం చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఏమైందో నీకు తెలీదు" అన్నాను.

"తెలుసు. మా నాన్న పోయింది మీ వేలి కిందే."

నేను రుమాలు తీసేశాను. మళ్లీ గుర్తొచ్చి పెట్టుకున్నాను.

"మరి నన్నెలా అడుగుతున్నావు?"

"ఇంకెవర్ని అడగమంటారు. ఇదిగో దేవిని అడిగితే చక్కెర వేస్తుంది."

వెనక నిలబడి వింటున్న మా ఆవిడ లోపలికి వెళ్లి వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు, "పాముకి చీమే కదా కావాల్సింది, ఒక చీమని ఇస్తే సరి" అంది. వినడానికి బాగుంది. మర్నాడు పొద్దున్నే వంటింటి గట్టు మీద ఒక చీమని పట్టుకుని, అగ్గిపుల్ల మీద ఎక్కించి, గీత దాటించి స్తంభం దగ్గర దించాను. పాము ఒక కన్ను తెరిచి చూసి మూసేసింది. మనుషుల రుచి మరిగినదానికి చీమేం ఆనుతుంది. చీమ అటూ ఇటూ పరిగెత్తి పిండిమర మీంచి వెళ్లింది. అందులో ఐదుగురున్నారు. నేను చీమని నలిపేసి సోఫాలో కూర్చుండిపోయాను. ఆఫీసుకి సెలవు పెట్టాను. ఇరవై రెండేళ్లలో జ్వరం లేకుండా పెట్టిన సెలవు అదే.

మిగిలింది ఒక్కటే దారి. కనుబొమలు సరిచేసుకునే చిన్న పట్టకారు మా ఆవిడ దగ్గరుంది. దాంతో పామును స్తంభం మీంచి ఎత్తెయ్యాలి. ఎత్తగలిగితే ఒక క్షణం పని. గురి తప్పితే పట్టకారు మొన మంత్రసాని ఇంటి మీద పడుతుంది. మొన ఆమె వీధంత వెడల్పుంది.

అభ్యాసం చేశాం. సబ్బు మీద పెన్సిలు ముక్క నిలబెట్టి, దానికి నల్లదారం చుట్టి, అక్కాచెల్లెళ్లకీ కడుపులో బిడ్డకీ లెక్కగా మొదట్లో మూడు గసగసాల గింజలు పెట్టాం. గింజలు కదలకుండా దారం ఎత్తాలి. పదిసార్లలో నేను నాలుగుసార్లు ఎత్తాను. మిగతా ఆరుసార్లూ గింజలు చితికిపోయాయి. సూదిలో దారం ఎక్కించే చెయ్యి కాబట్టి మా ఆవిడ ఏడుసార్లు ఎత్తింది. ఆ రోజంతా చేశాం. ఆవిడ ఏడు దాటలేదు, నేను నాలుగు దాటలేదు. అత్తగారు పక్కన కూర్చుని చితికిన గింజలన్నీ ఏరి ఒక కవర్లో పోసింది. పారేస్తే పాపమని.

"నేను తీస్తాను" అంది మా ఆవిడ. "కానీ తియ్యమని మీరు చెప్పాలి. రేపు ఏదైనా అయితే నా ఒక్కదాని నెత్తిన వెయ్యకూడదు."

"నీకు తీయాలనుంటే తియ్యి. నేను వద్దన్నానా."

"తియ్యమన్నారా?"

"వద్దనలేదు."

"అదే అంటున్నా. వద్దనరు, తియ్యమనరు. పెళ్లిచూపుల్లో కూడా ఇలాగే కూర్చున్నారు, మా నాన్నే మీ తరఫున సరే అన్నాడు."

అత్తగారు మధ్యలో వచ్చి, "పోనీ, ఎవరి ప్రాప్తం ఎలా ఉంటే అలా జరుగుతుంది. మనం తియ్యకపోతే పాము పాపం పాముది. తీసి చితికితే ఆ పాపం మనది" అంది.

సాయంత్రం నేను భూతద్దం పట్టుకుని షోకేసు ముందు కూర్చున్నాను. మంత్రసాని గుమ్మంలో నిలబడి పాత బట్టలు చించి పేలికలు చేస్తోంది. పురిటి కోసం. తన తలకి రెండు బారల పైన పాము తోక వేలాడుతోంది. ఆమె దాన్ని చూడటం మానేసినట్టుంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. పట్టకారు సంగతి, గింజల సంగతి, పదికి ఏడు సంగతి. మూడుసార్లు మీ ఇల్లు పోతుందమ్మా, చెల్లెలితో సహా, అన్నాను.

ఆమె పేలికలు మడతపెట్టి బూర అందుకుంది.

"నేను పురుళ్లు పోస్తానండీ. అడ్డం తిరిగిన బిడ్డలుంటారు. చెయ్యి పెట్టి తిప్పాలి. పదిమందికి పెడితే ముగ్గురు నా చేతిలోనే పోతారు."

"మరి?"

"పెట్టకపోతే పదిమందీ పోతారు. అందుకని పెడతాను."

"ఆ ముగ్గురివాళ్లూ నిన్నేమీ అనరా?"

"అంటారు. ఒకామె ఇప్పటికీ వీధిలో నన్ను చూస్తే తలుపేసుకుంటుంది. వేసుకోనీండి. మళ్లీ ఎవరైనా పిలిస్తే వెళ్తాను." చెల్లెలి వైపు చూసి మళ్లీ బూర ఎత్తింది. "చేతులు కడుక్కుని పెట్టండి. అంతకంటే ఎవరూ చేయగలిగిందేమీ లేదు."

ఆమె చెప్పినదాంట్లో తప్పు వెతికాను. ఫిర్యాదు కాగితంలో తప్పు వెతకడం నాకు బాగా వచ్చిన విద్య. పేరు లేదనో, సంతకం వంకరగా ఉందనో వెనక్కి పంపుతాను. ఇందులో ఏమీ దొరకలేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

అయినా సరే అనలేకపోయాను.

నా మాట నమ్మండి, ప్రయత్నించాను. మర్నాడు పొద్దున మా ఆవిడ చేతులు కడుక్కుని, పట్టకారు వేడినీళ్లలో ముంచి, అద్దం పక్కకి జరిపి నిలబడింది. నా వైపు చూసింది. నోరు తెరిస్తే ఆ ఎర్రటి చుక్క కనిపించింది. చిటికెనవేలు కొసన, ఇంత చుక్క. "ఒక్కరోజు ఆలోచిద్దాం" అన్నాను. మా ఆవిడ పట్టకారు తుడిచి బల్ల మీద పెట్టింది. మధ్యాహ్నానికి కుమ్మరివాళ్ల ఇల్లు పోయింది. ఐదుగురు పిల్లలు.

నాకు అసలు తెలియనిది ఇదీ. దేవుళ్లు ఊరుకోవడం తెలివైన పనే కావచ్చు. వేలు పెట్టినకొద్దీ చెడుతుందని నా దగ్గర రుజువులున్నాయి. చక్కెర, సుద్ద, చీమ, అన్నీ రుజువులే. కానీ లిఫ్టు కంపెనీకి ఫోను చేయకపోవడానికి కూడా నా దగ్గర ఇంతే మంచి కారణముంది. రెండూ లోపల ఒకేలా అనిపిస్తున్నాయి. ఏది వివేకమో, ఏది పిరికితనమో నేను తడిమి చెప్పలేకపోతున్నాను. ఇరవై రెండేళ్లు కిటికీ వెనక కూర్చున్నవాడికి ఆ తేడా తెలిసే భాగం అరిగిపోయి ఉంటుంది.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు తొమ్మిది ఇళ్లున్నాయి. రాసేసరికి రెండు రోజులు పట్టింది, ఏడున్నాయి. ఈ వారం సంచికలోనే వేస్తానని సంపాదకుడు మాటిచ్చాడు. మీరు చదివేసరికి నాలుగుంటాయి. చెల్లెలికి నిన్నటి నుంచి నొప్పులు వచ్చి పోతున్నాయి. పొద్దున షోకేసు దగ్గరికెళ్తే మంత్రసాని పిలవలేదు. నేనున్నానని తెలిసి కూడా బూర ముట్టుకోలేదు. చెల్లెలి తల నిమురుతూ కూర్చుంది. పిలిచినప్పటికంటే అది భరించడం కష్టంగా ఉంది.

చదివేవాళ్లలో ఎవరైనా మంత్రసానులుండొచ్చు, డాక్టర్లుండొచ్చు, బస్సు నడిపేవాళ్లుండొచ్చు, మీ చేతుల కింద రోజూ ప్రాణాలు ఉండేవాళ్లు. మీరు ఎలా పెడతారు చెయ్యి? పెట్టేముందు ఏమనుకుంటారు? ఆ ముగ్గురి తర్వాత ఇంటికొచ్చి అన్నమెలా తింటారు? "మీకు తోచినట్టు చేయండి" అని మాత్రం రాయకండి, మీ కాళ్లు పట్టుకుంటాను. నాకేమీ తోచడం లేదు. "అంతా మంచే జరుగుతుంది" అని కూడా వద్దు. ఆ మాట జరిగేవాళ్లకి చెప్పాలి గానీ, జరపాల్సినవాడికి చెబితే ఏం లాభం?

మా ఆవిడ హాల్లోనే ఉంది. చేతులు మళ్లీ కడుక్కుంది. ఒక్క మాట అంటే చాలు తీస్తుంది. ఆ మాట అనమంటారా, వద్దంటారా? ఉత్తరం రాసే తీరిక లేకపోతే ఫోను చేయండి, ఐదో అంతస్తుకి ఎక్కి రండి, వచ్చి నా మెడలు వంచి అనిపించండి. ఎవరైనా సరే. దయచేసి, ఇంకెవరో చెప్పే ఉంటారని అనుకోకండి.